డిండిలో మే నెల గాలం: పిల్లల్ని కాస్తున్న కొర్రమీనును పట్టొచ్చా?

డిండి బెండు
నిన్న ఆదివారం డిండి జలాశయానికి వెళ్ళొచ్చాను. నీళ్ళు చాలా వెనక్కి పోయాయి, శిఖం భూమి అంతా నెర్రెలు బారింది, కట్ట దగ్గరా పాత వాగు దారిలోనూ మాత్రమే లోతు మిగిలింది. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిది దాకా మంచిగా పడ్డాయి, ఆ తర్వాత బెండు కదిలితే ఒట్టు. పల్లి చెక్క, తవుడు కలిపిన ముద్దకు రెండు రవ్వ చేపలు, ఎర్రలకు నాలుగు జెల్లలు పడ్డాయి. వెళ్ళేవాళ్ళు ఒడ్డు పక్కన వేయకండి, మోకాలి లోతు నీళ్ళు తొమ్మిదికల్లా కాగిపోతున్నాయి. రెండు నిలువుల లోతు ఉన్నచోట బెండు పైకి జరిపి, ఎర అడుగుకు ఆనేట్టు వేయండి.

అసలు అడగాలనుకున్నది వేరే. ఎడమ వైపు తుంగలో నలుగురు కుర్రాళ్ళు రబ్బరు కప్పలతో కొర్రమీను పడుతున్నారు. నీళ్ళ మీద పిల్లల గుంపు ఎక్కడ లేస్తుందో చూసి సరిగ్గా దాని మధ్యలో కప్పను విసురుతున్నారు. తల్లి వచ్చి కొడుతుంది, అంతే. నాకు మనసొప్పలేదు. మీరేమంటారు?

రాడ్ అండ్ రీల్
అన్నా, మే నెలలో కొర్రమీను పిల్లలేంటి? అది గుడ్లు పెట్టేది వానాకాలంలో. జూన్ దాటాక చెప్పండి, ఒప్పుకుంటాను. మీరు చూసినవి పరకలు అయ్యుంటాయి.

డిండి బెండు
పరకలు వెండిలా మెరుస్తాయి. ఇవి ఎర్రటివి, అగ్గిపుల్ల తల రంగు. వందల్లో ఒకే ముద్దగా తిరుగుతాయి, గాలి కోసం పైకి వచ్చినప్పుడల్లా ఆ చోట నీళ్ళు సన్నగా ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, పొరపాటు పడను.

కల్వకుర్తి
మా ఊరి కుంటలోనూ మొన్న కనిపించాయి. ఏప్రిల్ చివర్లో రెండు గట్టి వానలు పడ్డాయి కదా.

రాడ్ అండ్ రీల్
ఒక కుంటను చూసి డిండి సంగతి తేల్చేస్తారా? సీజన్ అంటే సీజనే. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపాలని అందరికీ తెలుసు, ఆ కాలం వానలతో మొదలవుతుంది. మే నెల అందులోకి రాదు. పైగా ఈ ఎండకు రవ్వ, బొచ్చె ఏవీ ముట్టుకోవడం లేదు, కొడుతున్నది కొర్రమీను ఒక్కటే. అది కూడా వద్దంటే రాడ్ ఇంట్లో పెట్టుకుని కూర్చోవాలా?

చెరువు మాస్టారు
జంతుశాస్త్రం చెప్పేవాడిని కాబట్టి రెండు మాటలు. మిగతావి ఎందుకు ముట్టుకోవడం లేదంటే, 30 డిగ్రీల నీళ్ళలో మామూలుగా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే నిలుస్తుంది, 20 డిగ్రీల్లో అయితే తొమ్మిది దాకా ఉంటుంది. రాత్రంతా నాచు, మొక్కలు కూడా పీల్చుకుంటాయి కాబట్టి తెల్లవారకముందు మరీ తగ్గుతుంది. ఆ సమయంలో నీళ్ళ మీద నోరు తెరిచే రవ్వ తిండి కోసం రాలేదు, ఊపిరి కోసం వచ్చింది. కొర్రమీను నేరుగా గాలి పీల్చగలదు, అందుకే మిట్టమధ్యాహ్నం కూడా హుషారుగా ఉంటుంది.

ఇక పిల్లల సంగతి. ఎక్కువగా పెట్టేది వానల్లోనే, అది నిజం. కానీ ముందు వానలు పడితే ముందే పెడుతుంది, క్యాలెండర్ చూసి పెట్టదు. కాసేది తల్లే కాదు, తండ్రి కూడా కాస్తుంది.

రాడ్ అండ్ రీల్
అంటే ఎక్కువగా వానల్లోనే అని మీరే ఒప్పుకున్నారు సార్.

డిండి బెండు
నెల గురించి కాదు తమ్మీ నేను అడిగేది! నీ కళ్ళ ముందు పిల్లలు కనిపిస్తున్నాయి, వాటి మీదే వేస్తున్నావు. అది ఆకలితో కొట్టడం లేదు, పిల్లల జోలికి వచ్చావని కొడుతోంది. నిన్న ఒకటి పట్టారు, కిలోన్నర ఉంటుంది. అరగంటలో ఆ గుంపు చెదిరింది. జిలేబీ చేపలు కింద నుంచి, కొంగలు పైనుంచి పడ్డాయి. నేను బయలుదేరేసరికి అక్కడ పది పిల్లలు కూడా లేవు.

సోమశిల నుంచి
గాలం వాళ్ళు పట్టేది ఎంత? మా కొల్లాపూర్ వైపు కృష్ణలో సన్న కంతల అలివి వలలతో వేలెడంత కూడా లేని పిల్లల్ని ఊడ్చి ఎండబెట్టి అమ్ముతున్నారు. నిషేధం ఉండి కూడా ఆగలేదు.

రాడ్ అండ్ రీల్
అదీ మాట. క్వింటాళ్ళు పట్టే వలల గురించి ఎవరూ మాట్లాడరు, రోజంతా ఎండలో నిలబడి ఒక్కటి పట్టేవాడే అందరికీ కనిపిస్తాడు.

పుట్టివాడు
ఇంతసేపు చదివి ఊరుకున్నాను. మాది మత్స్య సహకార సంఘం, మా నాన్న ముప్పై ఏళ్ళుగా డిండిలోనే పుట్టి మీద. అలివి వల మేం వేయం, దాంతో మమ్మల్ని కలపొద్దు. సర్కారు 2016 నుంచి చేప పిల్లల్ని ఉచితంగా వదులుతోంది, జలాశయాల్లో 80 నుంచి 100 మిల్లీమీటర్ల సైజువి. బొచ్చె, రవ్వ లాంటివి నిలిచిన నీళ్ళలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారాలి, అందుకే ఏటా వదలాలి. కొర్రమీను విత్తనం మాత్రం మా నాన్నకు తెలిసి డిండిలో ఎవరూ పోయలేదు. తన పిల్లల్ని తానే పెంచుకుంటుంది. ఆ జంటను ఏరి తీసుకెళ్తే వచ్చే ఏడు మాకేం మిగులుతుంది? మొన్న కిలో 500కి అమ్మాం, మా ఇంట్లో స్కూలు ఫీజులు కట్టేది ఆ చేపతోనే.

రాడ్ అండ్ రీల్
ఇప్పుడు బయటపడింది. పిల్లల మీద జాలి కాదు, ధర మీద. ఎవరూ పోయని చేప అని మీరే అన్నారు, మరి అది మీది ఎట్లా అయింది? నీళ్ళు అందరివీ. రెండేళ్ళ కింద నల్లగొండ దగ్గర ఒక చెరువు మీద, ఊరు పేరు చెప్పను, ఐదుగురు వచ్చి నన్ను దొంగా అని తిట్టి పన్నెండు వేల రాడ్‌ను మోకాలికేసి విరిచారు. పక్కన నా కొడుకు ఉన్నాడు, ఎనిమిదేళ్ళవాడు. ఆ రోజు నుంచి వాడు చెరువుకు రానంటాడు. ఆ బాధ మీకేం తెలుసు?

కల్వకుర్తి
అది చాలా తప్పు భయ్యా. పిల్లాడి ముందు అట్లా చేయకూడదు.

పుట్టివాడు
విరిచింది తప్పే, నేనుంటే ఆపేవాణ్ణి. నా మాట కూడా వినండి. నిరుడు వల లాగుతుంటే మా నాన్న అరచేతిలో మూడు ముళ్ళ గాలం దిగింది. ఎవరో తెంపుకుని వదిలేసిన తంగూసుతో సహా వలలో చిక్కి ఉంది. దేవరకొండ తీసుకెళ్ళి కోయించి తీయించాం, ఇరవై రోజులు పుట్టి ఎక్కలేదు. ఆ ఇరవై రోజులు ఎవరిచ్చారు మాకు? నీళ్ళు అందరివే, కాదనను. మేం సంఘంలో సభ్యత్వం కడతాం, గుడ్ల కాలంలో వలలు ఒడ్డున పెట్టి అప్పు చేసి తింటాం. మీరు ఆదివారం వచ్చి సోమవారం వెళ్ళిపోతారు. నా కోపం చేపల లెక్క గురించి కాదు. ఆగాల్సిన వంతు ఎప్పుడూ మాదే అవుతోంది.

డిండి బెండు
గాలం చిక్కుకుంటే తెంపి వదిలేసిన రోజులు నాకూ ఉన్నాయి. ఇది చదివాక కడుపులో తిప్పింది. ఇకమీదట తెగిన తంగూసు వీలైనంత తీసుకునే వస్తాను.

రాడ్ అండ్ రీల్
మీ నాన్నగారి చెయ్యి ఇప్పుడు ఎట్లా ఉంది? నేను ఫీజు కట్టనని ఎప్పుడూ అనలేదు. రోజుకు ఇంత అని రసీదు ఇవ్వండి, కడతాను. ఎవరూ అడగరు, ఊరికే తరుముతారు.

పుట్టివాడు
బొటనవేలు పూర్తిగా వంగదు, మిగతా బాగానే ఉంది. రసీదు ఇచ్చే అధికారం నాది కాదు, సంఘం మీటింగ్‌లో అడుగుతాను. ముందు మీరు పిల్లల గుంపు మీద వేయనని ఇక్కడ రాయండి.

రాడ్ అండ్ రీల్
మే అయినా జూన్ అయినా గుంపు కనిపిస్తే వేయను. కనిపించకపోతే వేస్తాను.

పుట్టివాడు
గాలి ఉంటే నీళ్ళు అలలాడి గుంపు కనిపించదు. తుంగలోనే వేయకండి. బండల వైపు రండి.

రాడ్ అండ్ రీల్
బండల దగ్గర కొర్రమీను ఉండదు అన్నా.

పుట్టివాడు
వాలుగ ఉంటుంది. పొద్దున ఐదింటికి వస్తే చోటు నేనే చూపిస్తాను, బాబును కూడా తీసుకురండి.