పాత కారుకు రోడ్డు సహాయ సభ్యత్వం: అవసరమా, దండగా?

మార్క్‌త్రీ_విజయవాడ:
మా నాన్నగారి 1978 అంబాసిడర్ మార్క్ 3ని వచ్చే నెల 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా హైదరాబాదు తీసుకువెళ్లాలి. బీమా పాలసీకి రోడ్‌సైడ్ అసిస్టెన్స్ జోడించమంటే బండి వయసు చూసి కుదరదన్నారు. విడిగా ఏడాది సభ్యత్వం అమ్మే సంస్థ ఒకటి మాత్రం మోడల్ ఏమిటని కూడా అడగకుండా డబ్బు కట్టమంటోంది. నాకు అక్కడే అనుమానం. "ఆ డబ్బుతో ఇంజనులో నిప్పురవ్వ పుట్టడానికి కావలసిన పాయింట్లు, కండెన్సర్, ఇంకా ఫ్యాన్ బెల్ట్ కొని డిక్కీలో పెట్టుకోండి" అంటున్నాడు మా మెకానిక్. మీరేమంటారు?

పాతసామాను:
మీ మెకానిక్ మాటే నా మాట. అంబాసిడర్ దారిలో ఆగితే కారణాలు కొన్నే: పాయింట్లు మాడటం, కండెన్సర్ పోవడం, ఏసీ పంపు (ఇంజనుకు పెట్రోలు అందించే పంపు) డయాఫ్రం చిరగడం, రేడియేటర్ హోస్ పగలడం. ఉప్పుకాగితం, స్క్రూడ్రైవర్, రెండు క్లిప్పులు ఉంటే సగం పనులు మీరే చేసుకోగలరు. సభ్యత్వం కింద వచ్చే కుర్రవాడు స్కానర్ పట్టుకొస్తాడు. దాన్ని తగిలించే చోటే మీ కారులో లేదు! ఎండాకాలం సూర్యాపేట దాటాక బండి తడబడి ఆగిందంటే చాలాసార్లు పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి ఉంటుంది. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, టీ తాగి వస్తే కదులుతుంది. దీనికి సభ్యత్వం ఎందుకండీ?

పైగా సహాయం పేరుతో నష్టం జరిగే ప్రమాదం ఉంది. మోరిస్ మైనర్ వంటి పాత బ్రిటిష్ కార్లు చాలావాటిలో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. అలవాటు కొద్దీ నల్ల (మైనస్) కేబుల్‌ను బాడీకి తగిలించారా, నిప్పురవ్వలే.

గేర్‌బాక్స్_గుంటూరు:
పాతసామాను గారూ, మీరు చెప్పినవన్నీ రోడ్డు మీద బాగయ్యేవి. వెనక యాక్సిల్ షాఫ్ట్ విరిగితే దాని మీద కూడా తడిగుడ్డ వేస్తారా? సభ్యత్వం తీసుకోవలసింది మెకానిక్ కోసం కాదు, బండిని మోసుకెళ్లే లారీ కోసం. ఈ తేడా వదిలేసి వాదించుకుంటే తేలదు.

మామూలు సమగ్ర పాలసీలో కారును దగ్గరి గ్యారేజీకి చేర్చడానికి 1,500 రూపాయల దాకా ఇస్తారు, అదీ ప్రమాదం జరిగితేనే. ఇంజను మొరాయిస్తే పైసా రాదు. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కి ఫోను చేస్తే టోల్ రహదారి మీద క్రేన్ వస్తుంది. దాని పని దారికి అడ్డం లేకుండా బండిని పక్కకు చేర్చడం. మిమ్మల్ని మీ మెకానిక్ దాకా దింపడం దాని బాధ్యత కాదు.

క్రేన్ సంగతి కూడా చెప్పాలి. అంబాసిడర్‌కు ఇంజను ముందు, తోలే చక్రాలు వెనక. ముందు భాగం ఎత్తి వెనక చక్రాల మీద లాక్కెళ్తే, న్యూట్రల్‌లో ఉన్నా, గేర్‌బాక్స్‌ను వెనక యాక్సిల్‌తో కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతూ గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. ఇంజను ఆగి ఉంది కాబట్టి నూనెను పైకి చిమ్మే లేషాఫ్ట్ తిరగదు. కొద్ది దూరమైతే సరే, అరవై డెబ్బై కిలోమీటర్లు అలా లాగితే బుష్‌లు అరిగిపోతాయి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాలి, లేదా బండి మొత్తాన్ని ఫ్లాట్‌బెడ్ లారీ ఎక్కించాలి. బంపరుకు మాత్రం గొలుసు వేయనివ్వకండి.

డెట్రాయిట్_తెలుగు:
ఇక్కడ నా దగ్గర 1966 మస్టాంగ్ ఉంది. అమెరికాలో ఈ గొడవ తక్కువ. ట్రిపుల్ ఏ (అమెరికా ఆటోమొబైల్ సంఘం) సభ్యత్వం కారు పేరున కాకుండా మనిషి పేరున ఉంటుంది, ఆ రోజు ఏ కారు నడుపుతున్నామన్నది రెండో సంగతి. మామూలు సభ్యత్వంలో ఉచితంగా మోసుకెళ్లే దూరం కొద్ది మైళ్లే కాబట్టి పాత కార్లవాళ్లు 100 మైళ్ల దాకా మోసుకెళ్లే ప్లస్ సభ్యత్వం తీసుకుంటారు. పాత కార్ల బీమాకు పేరుపడ్డ హ్యాగర్టీ వాళ్ల సభ్యత్వంలో ఫ్లాట్‌బెడ్ కూడా ఉంటుంది. మన దగ్గర మనిషి పేరున ఇచ్చేవారే లేరా?

పద్మిని_నల్గొండ:
చెన్నైలో దక్షిణ భారత ఆటోమొబైల్ అసోసియేషన్ ఉంది, ముంబైలో 1919 నాటి పశ్చిమ భారత సంఘం ఉంది. మన పాత మోటార్ బీమా టారిఫ్‌లో అలాంటి సంఘాల సభ్యులకు సొంత నష్టం ప్రీమియంలో 5 శాతం, గరిష్ఠంగా 200 రూపాయల రాయితీ కూడా రాశారు. అడిగి చూడవచ్చు.

అయినా నేను పాతసామాను గారి వైపే. కాగితం మీద ఫ్లాట్‌బెడ్ ఉంటుంది, రాత్రి పది దాటాక కొర్లపహాడ్ టోల్ దగ్గర ఉండదు. చివరికి స్థానిక క్రేన్ యజమానికే ఫోను చేస్తాం. ఇంకో మాట: 50 ఏళ్లు నిండాక వింటేజ్ కింద 'వీఏ' అక్షరాలున్న నంబరు తీసుకుంటే, 2021 నిబంధనల ప్రకారం ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతుకు తప్ప రోడ్డెక్కకూడదు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, 10 ఏళ్ల తర్వాత పునరుద్ధరణకు 5,000. ఏడాదికి రెండు ర్యాలీలకు వెళ్లే కారుకు ఏడాది పొడవునా చందా కట్టడం నాకైతే మింగుడు పడదు.

గేర్‌బాక్స్_గుంటూరు:
మార్క్‌త్రీ గారి కారుకు 2028 దాకా ఆ నంబరు రాదు కదా, ఇప్పుడు అది మామూలు కారే. కొర్లపహాడ్ గురించి మీరన్నది నిజమే, ఒప్పుకుంటాను. అందుకే డబ్బు కట్టేముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగమంటాను: బండి వయసుకు పరిమితి ఉందా, ఫ్లాట్‌బెడ్ ఖాయమా, ఎన్ని కిలోమీటర్లు ఉచితం.

మార్క్‌త్రీ_విజయవాడ:
అడిగాను. ఫోనులో అమ్మాయి "అన్ని కార్లకూ వర్తిస్తుంది సార్" అన్నది. షరతులు మెయిల్‌లో తెప్పించుకుంటే 15 ఏళ్లు దాటిన వాహనాలకు సేవ లేదని ఉంది. ఫ్లాట్‌బెడ్ "లభ్యతను బట్టి"నట. మానేశాను. చెన్నై సంఘానికి రాస్తున్నాను. అది తేలేదాకా నందిగామ, కోదాడ, సూర్యాపేటల్లో లారీవాళ్ల నంబర్లు ఎవరి దగ్గరైనా ఉంటే నాకు విడిగా సందేశం పంపండి.

పాతసామాను:
పంపుతాను. కండెన్సర్ కొత్తది కొంటే దాన్ని బిగించి వంద కిలోమీటర్లు తిప్పి చూడండి. ఇప్పుడు అంగళ్లలో దొరికేవి కొన్ని పెట్టెలోనే పోయి ఉంటున్నాయి. నమ్మకంగా పనిచేస్తున్న పాతదాన్నే డిక్కీలో ఉంచుకోండి.

గేర్‌బాక్స్_గుంటూరు:
ప్రొపెల్లర్ షాఫ్ట్ బోల్టులకు సరిపోయే స్పానర్లు కూడా.