సీసీ కెమెరా లైవ్‌ను టీవీలో 15 సెకన్లు ఆలస్యంగా చూపించడం ఎలా?

గజ్జెలసవ్వడి
మా ఇంటి పై అంతస్తులో పిల్లలకు కూచిపూడి నేర్పుతాను. హాల్లో ఐపీ కెమెరా ఇదివరకే బిగించి ఉంది. పిల్లలు ఒక అడుగు పూర్తిచేసి గోడ మీది టీవీ వైపు తిరిగితే, ఇప్పుడే తాము చేసింది అందులో కనిపించాలి. అద్దం ఉంది. కానీ అద్దంలో చూసుకుంటూ చేస్తే చూపు చేతి వెంట పోదు, మెడ బిగుసుకుపోతుంది. ఫోన్‌లో తీసి చూపిద్దామంటే ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలు పడుతోంది, క్లాసులో 12 మంది ఉన్నారు. కెమెరా రికార్డర్ (ఎన్‌వీఆర్) మెనూ అంతా వెతికాను, ఇలాంటి ఆప్షన్ కనబడలేదు. ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

వైరింగ్_బాబాయ్
అమ్మా, రికార్డర్ జోలికి వెళ్లకండి. వెనక్కి వెళ్లి ప్లేబ్యాక్ చూడటం వేరు, లైవ్‌నే ఆలస్యం చేయడం వేరు. నేను బిగించిన రికార్డర్లలో ఆ రెండోది ఎక్కడా చూడలేదు. కెమెరా నెట్‌వర్క్‌లో పంపే లైవ్ వీడియోను, అంటే ఆర్‌టీఎస్‌పీ స్ట్రీమ్‌ను, విడిగా ల్యాప్‌టాప్‌కు తీసుకోండి. పోర్ట్ మామూలుగా 554 ఉంటుంది. హిక్‌విజన్ కంపెనీ కెమెరా అయితే అడ్రస్ చివర 101 మెయిన్ స్ట్రీమ్ (పూర్తి స్పష్టత), 102 సబ్ స్ట్రీమ్ (తక్కువ స్పష్టత). అడ్మిన్ పాస్‌వర్డ్ వాడొద్దు, లైవ్ చూడటానికి మాత్రమే అనుమతి ఉన్న యూజర్‌ను కొత్తగా పెట్టండి. గేటు కోసం, కాపలా కోసం చూసే స్క్రీన్‌లో మాత్రం ఆలస్యం అసలు ఉండకూడదు. అది ఎలా ఉందో అలాగే వదిలేయండి.

నెట్స్_కోచ్
మా క్రికెట్ నెట్స్‌లో రెండేళ్లుగా ఇదే వాడుతున్నాం. బ్యాటర్ షాట్ ఆడి, తలెత్తి టీవీ చూస్తాడు. 12 సెకన్లు మాకు సరిపోయింది. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో నెట్‌వర్క్ స్ట్రీమ్ తెరిచేటప్పుడు కింద ‘మరిన్ని ఆప్షన్లు’ నొక్కితే క్యాషింగ్ (ఎంతసేపటి వీడియో దాచుకోవాలో) అని వస్తుంది. అక్కడ మిల్లీసెకన్లలో వేయాలి, మీకైతే 15000. గరిష్ఠంగా 60000 వరకు, అంటే ఒక నిమిషం దాకా పెట్టొచ్చు. ఖర్చు లేదు, పాత ల్యాప్‌టాప్ చాలు. ఒక్కటే బాధ, వైఫై తడబడితే ఆలస్యం మారిపోతుంది. 12 అనుకున్నది సాయంత్రానికి 17 అయిన రోజులున్నాయి. కెమెరాకు కేబుల్ వేశాక చాలావరకు తగ్గింది.

పాతల్యాప్‌టాప్
ఆలస్యం కచ్చితంగా ఉండాలంటే ఓబీఎస్ అనే వీడియో రికార్డింగ్, ప్రసార సాఫ్ట్‌వేర్ మంచిది. మీడియా సోర్స్‌గా స్ట్రీమ్ అడ్రస్ ఇచ్చి, దాని మీద ‘వీడియో డిలే (అసింక్)’ ఫిల్టర్ వేయండి. నేను మొదట పొరపాటున ‘రెండర్ డిలే’ వేశాను. అది 500 మిల్లీసెకన్లు దాటదు, ఒక పూట వృథా అయింది. అసింక్ అయితే 20000 దాకా వెళ్తుంది, అంటే 20 సెకన్లు. తర్వాత ఓబీఎస్‌లోనే ఉన్న ‘ఫుల్‌స్క్రీన్ ప్రొజెక్టర్’ ఆప్షన్‌తో టీవీకి పంపడమే.

ర్యామ్ సంగతి ముందే చూసుకోండి. ఓబీఎస్ కంప్రెషన్ విప్పేసిన ఫ్రేములను, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మను పూర్తిగా, దాచుకుంటుంది. 1080పీలో ఒక్క ఫ్రేము దాదాపు 3 ఎంబీ. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున 15 సెకన్లకు దగ్గర దగ్గర 1.2 జీబీ అవుతుంది. 720పీ అయితే అందులో సగం కూడా ఉండదు. వీఎల్‌సీ విప్పకముందే దాచుకుంటుంది కాబట్టి 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) స్ట్రీమ్‌కు అదే 15 సెకన్లు 7.5 ఎంబీలో అయిపోతుంది. 4 జీబీ ర్యామ్ మెషిన్ అయితే 720పీకి దించండి.

వైరింగ్_బాబాయ్
ఇంకో మాట. కెమెరాలో హెచ్.265 ప్లస్ లాంటి స్మార్ట్ కోడెక్ (వీడియోను మరింత కుదించే పద్ధతి) ఆన్‌లో ఉంటే ఆపేసి, మామూలు హెచ్.264 పెట్టండి. ఐ ఫ్రేమ్ ఇంటర్వల్ 50 ఉంచితే, సెకనుకు 25 ఫ్రేముల దగ్గర రెండు సెకన్లకోసారి పూర్తి బొమ్మ వస్తుంది. స్మార్ట్ కోడెక్‌లో ఆ ఎడం బాగా పెరుగుతుంది, మధ్యలో లింకు తెగితే బొమ్మ తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది.

నెట్స్_కోచ్
మైక్ ఉన్న కెమెరా అయితే టీవీ సౌండ్ తప్పకుండా తీసేయండి. మాకు బంతి చప్పుడే ఇబ్బంది పెట్టింది, మీకు తాళం కదా.

గజ్జెలసవ్వడి
అందరికీ చాలా థాంక్స్. ఓబీఎస్‌తోనే కుదిరింది, 720పీలో పెట్టాను. కెమెరా ముందు చప్పట్లు కొట్టి స్టాప్‌వాచ్‌తో చూస్తే 16 సెకన్లు వచ్చింది, స్ట్రీమ్‌కు ముందే ఉన్న ఆలస్యం కూడా కలిసినట్టుంది. ఫిల్టర్‌లో 14000 చేశాను.

మొదటి రోజు పిల్లలు తికమకపడ్డారు. అద్దానికి అలవాటుపడ్డారు కదా, కుడిచేయి టీవీలో ఎడమవైపు కనిపించేసరికి ఆగిపోయారు. బొమ్మను అడ్డంగా తిప్పే ఆప్షన్ ఓబీఎస్‌లోనే దొరికింది, అది పెట్టాక సర్దుకున్నారు. అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి నిలబడే భంగిమలో) మోకాళ్లు లోపలికి వస్తున్నాయని ఒక అమ్మాయికి ఆరు నెలలుగా చెబుతున్నాను. నిన్న తనే టీవీ చూసి, నేను నోరు తెరవకముందే మళ్లీ మొదటి నుంచి చేసింది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

తల్లిదండ్రులందరినీ అడిగాకే పెట్టాను. ల్యాప్‌టాప్‌లో ఏదీ సేవ్ కావడం లేదని వాళ్లకు చూపించాను. పెద్ద పిల్లల జతులు (అడుగుల వరుసలు) కాస్త పొడవు, వాళ్లకు 40 సెకన్లు కావాలి. ఆ బ్యాచ్‌కు వీఎల్‌సీ ప్రయత్నిస్తాను. కెమెరాకు కేబుల్ వేయడానికి రేపు మనిషి వస్తున్నాడు.