టెయిలింగ్స్ కాలమ్‌లో ద్రావణం కిందికి దిగట్లేదు, హీప్ లీచింగ్ కుదురుతుందా?

ఆటోనగర్_ల్యాబ్, విజయవాడ:
పాత బంగారు గని టెయిలింగ్స్ (బంగారం తీశాక మిగిలిన నూరిన మట్టి). పోగు పెట్టి పైనుంచి సైనైడ్ ద్రావణం డ్రిప్‌లో వదిలి బంగారం కరిగించాలని (హీప్ లీచింగ్) ఆలోచన. టన్నుకు 0.8 గ్రాముల బంగారం, 60 శాతం మట్టి 75 మైక్రాన్ల కంటే సన్నం. బాటిల్ రోల్‌లో (మట్టిని సైనైడ్ ద్రావణంతో సీసాలో దొర్లించే పరీక్ష) 24 గంటలకు 62 శాతం బంగారం కరిగింది. అదే మట్టి 150 మి.మీ. పీవీసీ పైపులో 2 మీటర్లు నింపితే ద్రావణం పైనే చెరువులా నిలిచిపోతోంది. సైనైడ్ పెంచాలా, డ్రిప్ తగ్గించాలా?

గుంటూరు_మెటలర్జీ:
రెండూ కాదండి. బంగారం కరుగుతోందని బాటిల్ రోల్ చెప్పేసింది. ద్రావణానికి దారి లేదు, అంతే. మిల్లులో నూరిన మట్టి తడిస్తే రేగడి చేనులా బిగుసుకుంటుంది. అగ్లోమరేషన్ (సన్న మట్టిని ఉండలుగా కట్టడం) చెయ్యకుండా పోగు పెట్టడం దండగ.

టన్ను పొడి మట్టికి 8 కిలోల సిమెంటుతో మొదలుపెట్టండి. 5, 12 కిలోలతోనూ పక్కనే చూడండి. సిమెంటు పొడిగా కలిపేశాక, డ్రమ్ము తిరుగుతుండగా నీళ్లు సన్నగా చిలకరించాలి. తేమ 10–15 శాతం మధ్య కుదురుతుంది. పిడికిట నొక్కితే ఉండ కట్టాలి, అరచెయ్యి చెమ్మగిల్లాలి, నీరు మాత్రం కారకూడదు. ఆరిపోకుండా పట్టా కప్పి 72 గంటలు వదిలెయ్యండి. తర్వాత గుప్పెడు ఉండలు జల్లెడలో వేసి నీళ్లలో ముంచండి. నీళ్లు బురదగా మారితే సిమెంటు చాలలేదన్నమాట.

పైపులో మెల్లగా నింపండి, ఎత్తు నుంచి పోస్తే ఉండలు చితికిపోతాయి. డ్రిప్ చదరపు మీటరుకు గంటకు 10 లీటర్లు అనుకుంటే మీ పైపుకి గంటకు సుమారు 175 మి.లీ. తడిశాక 20 సెం.మీ. కంటే ఎక్కువ కుంగితే ఆ మిశ్రమం పనికిరాదు.

ఆటోనగర్_ల్యాబ్:
సిమెంటు బదులు సున్నం సరిపోదా సర్?

గుంటూరు_మెటలర్జీ:
సున్నం పీహెచ్ పెంచుతుంది కానీ సిమెంటులా పట్టి ఉంచదు. పీహెచ్ 10.5 దగ్గర నిలపండి, కింద కారే ద్రావణంలో కూడా కొలవండి. పాత టెయిలింగ్స్‌లో పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) ఆక్సీకరణ చెంది ఆమ్లం పుడుతుంది. పీహెచ్ 10 కిందికి జారేకొద్దీ హైడ్రోజన్ సైనైడ్ వాయువు పెరుగుతుంది, అది ప్రాణాలు తీస్తుంది. పని ఫ్యూమ్ హుడ్‌లోనే (వాయువుల్ని బయటికి లాగేసే ల్యాబ్ అర) చెయ్యండి. ఆమ్లం పారబోసే సింకు దరిదాపుల్లోకి ఈ ద్రావణం రానివ్వకండి.

తాడేపల్లి_ప్రాసెస్:
పైలట్ పోగుకి వెళ్తే ముందు వాన లెక్క వెయ్యండి. హెక్టారు ప్యాడ్ (పోగు పెట్టే చదును) మీద 100 మి.మీ. పడితే ద్రావణం చేరే చెరువులోకి 10 లక్షల లీటర్లు అదనం. 2024లో బుడమేరు పొంగడం చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. లైనర్ (నీరు ఇంకనివ్వని పొర) వేసిన అత్యవసర చెరువు లేకుండా డ్రిప్ పైపు పరవకండి.

సైనైడ్‌లో కరిగే రాగి ఎంతుందో కూడా కొలిపించండి. అది సైనైడ్‌ని తినేసి, ద్రావణంలోంచి బంగారాన్ని పట్టే కార్బన్ మీద బంగారం చోటు ఆక్రమిస్తుంది.