హాస్కెల్: తోతాపురి తూకం చీటీలు 40 లక్షలు, మెమరీ 6 జీబీ దాటుతాంది. తప్పు యాడుంది?

పుత్తూరు_పిల్లోడు
అన్నలకు, అక్కలకు నమస్తే. సీఎస్‌వీ ఫైలు 300 ఎంబీ, 40 లక్షల లైన్లు. లైనుకు మండలం, రైతు పేరు, కిలోలు, రేటు. మండలాల వారీగా సగటు రేటు కావాల. మూడు డౌట్లు.
1. హాస్కెల్ భాషలో ఫోల్డ్‌ఎల్‌తో (లైన్లన్నీ వరసగా కలుపుకుంటా పోయే ఫంక్షన్) మ్యాప్ (పేరుకు విలువ కట్టే పట్టిక) కడతాండా, ఒక్కో మండలానికి (మొత్తం, లెక్క) అని జత. 8 జీబీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోతాంది. అప్పటికప్పుడే లెక్క తేల్చే ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ పెట్టినా అంతే.
2. ప్రింట్ కొడితే తిరుపతి బదులు \3108\3135\3120 అని అంకెలొస్తాండాయి.
3. రూపాయల లెక్కకు డబుల్ (దశాంశాల అంకె రకం) వాడొచ్చా?

మోనాడ్_మామ
ప్రైమ్ తగిలిస్తే పని అయిపోతుందని ఎవరు చెప్పారో గానీ, వారానికొకరు ఇదే పట్టుకొస్తారు. హాస్కెల్ సోమరి, అవసరమైతే తప్ప లెక్క చెయ్యదు. ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ గంప మూత మాత్రమే తీసి చూస్తుంది, లోపల కాయలు లెక్కపెట్టదు. నీ గంప మ్యాప్, అందులో జత ఇంకో గంప. జత ఉందా అంటే ఉంది, అంతే. లోపల "పాత మొత్తం + కొత్తది" అనే కూడిక చెయ్యకుండా తర్వాత చేస్తానని వాయిదా చీటీ రాసి పెట్టేస్తుంది. 40 లక్షల వాయిదా చీటీలు. పైగా ఆ చీటీ ఒక్కొక్కటీ తన లైను స్ట్రింగును వదలదు, రేటు అంకె ఇంకా చదవనే లేదు గనక. నీ 6 జీబీ అక్కడుంది.
డేటా.మ్యాప్.స్ట్రిక్ట్‌కు మారినా ఒక్కదానితో సరిపోదు. అది కూడా జత మూత దాకే తీస్తుంది. జత తీసెయ్, ఇట్ల రాయి:
డేటా జమ = జమ !ఇంట్ !ఇంట్
ఆశ్చర్యార్థకాలు మర్చిపోవద్దు, ఆ గడిని అప్పుడే లెక్కెయ్యమని చెప్పేది అవే. స్ట్రిక్ట్ మ్యాప్, ఈ జమ, ఫోల్డ్‌ఎల్ ప్రైమ్, మూడూ ఉండాల. జతతో అయితే కోడును వేగం చేసే -ఓ2 పెట్టినా కంపైలర్ కాపాడదు. లైను లైనుగా నడిపే జీహెచ్‌సీఐలో అసలు ఆప్టిమైజేషనే ఉండదు.

కుప్పం_కోడర్
ఇంత దూరం ఎందుకు నా. డీప్‌సెక్ అనే లైబ్రరీ తెచ్చి ప్రతి అడుగులో ఫోర్స్ అంటే సరి, లోపలున్నదంతా అప్పుడే లెక్కేస్తుంది. ఒక్క మాట.

మోనాడ్_మామ
ఒక్క మాటే, ఖర్చు చూడు. ప్రతి లైనుకూ మ్యాప్ మొత్తం తిరిగొస్తుంది. పాత చిత్తూరు జిల్లా 66 మండలాలు, 40 లక్షల లైన్లు: 26 కోట్ల పైచిలుకు గడులు ఊరికే తొక్కొస్తావు. ఫోర్స్ చివర్లో ఒకసారి వాడేది, లూప్‌లో కాదు.

మల్లెమొగ్గ_ఎంఎల్
ఓకామల్ భాషలో ఈ గోలే లేదు. కూడమంటే అప్పుడే కూడుతుంది.

మోనాడ్_మామ
అవునక్కా, 5.1 రాకముందు పెద్ద లిస్టు మీద లిస్ట్.మ్యాప్ కొడితే స్టాక్ ఎగిరిపోయేది కూడా అప్పుడే.

అలిపిరి_మెట్టు
అసలు రోగం స్ట్రింగ్. ముందు అది మాన్పించండి. స్ట్రింగ్ అంటే లింకుల గొలుసు: 64 బిట్ మిషన్‌లో ఒక్కో కొక్కేనికి 24 బైట్లు. ఇంగ్లీషు అక్షరమైతే అంతటితో పోతుంది, 0 నుంచి 255 దాకా క్యారెక్టర్లను మెమరీ ఊడ్చే జీసీ ఒకే కాపీ మీదికి తెస్తుంది. తెలుగుకు ఆ భాగ్యం లేదు, ఇంకో 16 కలుస్తుంది. "తిరుపతి" ఏడు కోడ్‌పాయింట్లు (గుణింతం గుర్తుకూ విడిగా ఒక యూనికోడ్ అంకె): 7 × 40 = 280 బైట్లు. బదులుగా అక్షరాలన్నీ ఒకేచోట పెట్టే డేటా.టెక్స్ట్ వాడు. అంకెలకు రీడ్ వద్దు, నత్త. డేటా.టెక్స్ట్.రీడ్‌లో డెసిమల్ ఉంది.

శేషాచలం_స్ట్రిక్ట్
టెక్స్ట్ అంటున్నారు, ఏ టెక్స్ట్? టెక్స్ట్ 2 నుంచి లోపల యూటీఎఫ్-16 అనే అక్షరాల కోడింగు తీసేసి యూటీఎఫ్-8 పెట్టారు. తెలుగు అక్షరానికి రెండు బైట్లు పోయేచోట మూడు. ఇంగ్లీషోళ్ళకు సగం తగ్గింది, మనకు సగం పెరిగింది. మన భాషల వాళ్ళను ఎవురూ అడగలేదు.

అలిపిరి_మెట్టు
అడగలేదని ఏడ్చే ముందు లెక్క కట్టండి సార్. "తిరుపతి"కి పాతదాంట్లో 14 బైట్లు, కొత్తదాంట్లో 21. ఎనిమిదేసి బైట్లకు సర్దితే 16, 24. టెక్స్ట్ పెట్టెకు 32, బైట్ అర్రే హెడరుకు 16 రెండింట్లోనూ ఉన్నాయి. మొత్తం 64, 72. తేడా ఎనిమిది బైట్లు. దీనికా గొడవ? ఫైలు ఎట్లాగూ యూటీఎఫ్-8లోనే ఉంటుంది, ఇప్పుడు బైట్లుగా చదివి డీకోడ్‌యూటీఎఫ్8 అంటే అది సరిచూసి కాపీ చేస్తే చాలు, మార్చే పని లేదు.

శేషాచలం_స్ట్రిక్ట్
మూడు అక్షరాల ఊరి పేరు తీసుకుని వాదిస్తే ఎవరైనా గెలుస్తారు. ఫైలు మొత్తం ఒకే టెక్స్ట్‌గా పట్టుకుంటే? అక్కడ హెడర్లు లెక్కలోకే రావు, తెలుగు అక్షరాల వరకు నికరంగా ఒకటిన్నర రెట్లు. కంపైలర్లు నాకు నేర్పొద్దు, జీహెచ్‌సీ 6 కాలం నుంచి ఇదే పని.

అలిపిరి_మెట్టు
తిరుపతి నాలుగక్షరాలు సార్. జీహెచ్‌సీ 6 కాలం నుంచి ఉంటే ఫైలు మొత్తం ఎందుకు పట్టుకుంటారు?

కుప్పం_కోడర్
అక్షరాలంటే గుర్తొచ్చింది, టెక్స్ట్ పొడవు చెప్పే టీ.లెంగ్త్ "చిత్తూరు" 8 అంటుంది, మనకు మూడే. ఖాళీలతో నింపే జస్టిఫైలెఫ్ట్‌తో పట్టిక గీస్తే గీతలన్నీ వంకరపోయేది అందుకే. అది కోడ్‌పాయింట్లు లెక్కేస్తుంది, ఒత్తు కింద కూర్చుంటుందని దానికేం తెలుసు.

పుత్తూరు_పిల్లోడు
మామా, జమ పెట్టినా, టెక్స్ట్‌కు మారినా. 6 జీబీ పోయింది. కానీ మెమరీ లెక్క చూపించే +ఆర్‌టీఎస్ -ఎస్ కొడితే మ్యాగ్జిమమ్ రెసిడెన్సీ (ఒకేసారి పట్టుకున్న గరిష్ఠం) 300 ఎంబీ పైనే నిలబడింది. 66 పేర్లకు అంతెందుకు?

శేషాచలం_స్ట్రిక్ట్
ఫైలు మొత్తం ఎవరు పట్టుకుంటారని అడిగారుగా, చూడండి. కామా దగ్గర కోసే స్ప్లిట్‌ఆన్‌తో వచ్చే ముక్క కొత్త కాపీ కాదు, అసలు బఫరులోకి చూపించే కిటికీ. "పీలేరు" అనే ఒక్క కీ మ్యాప్‌లో ఉన్నా 300 ఎంబీ బఫరు బతికే ఉంటుంది. కీ పెట్టేముందు టీ.కాపీ కొట్టు తమ్ముడూ. అది కూడా ఆలస్యం కాకుండా బ్యాంగ్ (ఆశ్చర్యార్థకం) పెట్టి. అయితే టీ.రీడ్‌ఫైల్ మొదట్లో ఫైలంతా ఒకేసారి ఎక్కిస్తుంది కాబట్టి శిఖరం తగ్గదు, తర్వాత వదిలేస్తుంది, అంతే. శిఖరమూ తగ్గాలంటే టెక్స్ట్.లేజీతోనో కాండ్యూట్ లైబ్రరీతోనో ముక్కలుగా చదువు.

అలిపిరి_మెట్టు
ఇది మాత్రం నిజం.

బాకరాపేట_బైట్
లేజీ అన్నారు కాబట్టి: విత్‌ఫైల్ లోపల అవసరమైనప్పుడే చదివే హెచ్‌గెట్‌కంటెంట్స్ పిలిచి దాన్ని బయటికి తిప్పి పంపొద్దు. హ్యాండిల్ (తెరిచిన ఫైలు) మూసేశాక చదవబోయి "డిలేడ్ రీడ్ ఆన్ క్లోజ్డ్ హ్యాండిల్" అని పడుతుంది. చదివిన ఫైలులోకే తిరిగి రాస్తే "ఫైల్ ఈజ్ లాక్డ్".
ఇక రెండో డౌటు ఎవరూ ముట్టుకోలేదు. ప్రింట్ అంటే షో చేసి పుట్‌స్ట్రింగ్‌లైన్. షో ఆస్కీ దాటిన ప్రతిదాన్నీ అంకెగా మారుస్తుంది. నేరుగా టీ.పుట్‌స్ట్రింగ్‌లైన్ వాడితే తిరుపతి తిరుపతిగానే వస్తుంది. డాకర్ కంటెయినర్‌లో పెడితే అదీ పడిపోతుంది, భాష చెప్పే లాంగ్ వేరియబుల్ సెట్ చెయ్యకపోతే ఎన్‌కోడింగ్ ఆస్కీ. అప్పుడు చదివేటప్పుడు "కెనాట్ డీకోడ్ బైట్ సీక్వెన్స్ స్టార్టింగ్ ఫ్రమ్ 224" అంటుంది. తెలుగు అక్షరం ఏదైనా మొదటి బైటు 224, కాబట్టి ఆ అంకె కనబడితే చాలావరకు ఫైలు చెడిపోలేదు, లొకేల్ (భాష సెట్టింగు) లేదు. మెయిన్ మొదటి లైనులో సెట్‌లొకేల్‌ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 పెట్టు. లేదా డాకర్‌ఫైల్‌లో లాంగ్=సీ.యూటీఎఫ్-8.

మల్లెమొగ్గ_ఎంఎల్
పేర్లు వరసలో కూడా పెడతావా? అయితే ఇంకోటి. సార్ట్ కోడ్‌పాయింట్ ప్రకారం పోతుంది. ళ 3123, వ 3125. అందుకని కాళహస్తి ముందు, కావలి తర్వాత వస్తుంది. మన వర్ణమాలలో ళ హ తర్వాత కదా. సార్ట్‌ఆన్‌లో కీ కోసం మాత్రం టీ.మ్యాప్‌తో ళను 3130కి, ఱను 3131కి మార్చు. హ 3129, ఆ రెండు గడులూ ఖాళీ. సార్ట్‌ఆన్ కీని ఒక్కసారే కడుతుంది కాబట్టి నిదానం కాదు. ఇది హాస్కెల్ తప్పు కాదులే, ఓకామల్‌లోనూ ఇంతే.

పుత్తూరు_పిల్లోడు
అక్కా సూపర్. మూడో డౌటు మిగిలిపోయింది: డబుల్?

బాకరాపేట_బైట్
వద్దు. 0.1 + 0.2 కొట్టి చూడు, 0.30000000000000004. పైసలు చేసి పూర్ణసంఖ్యల రకం ఇంట్‌లో పెట్టు, 64 బిట్లలో నీ మామిడికాయలు పొంగవు. భాగహారం చివర్లో ఒక్కసారే. రౌండ్ దగ్గర జాగ్రత్త: హాస్కెల్‌లో 2.5ను రౌండ్ చేస్తే 2, 3.5ను చేస్తే 4. సరిసంఖ్య వైపు పోతుంది. ఆడిటరు అడిగేది అది కాదు.
అన్నట్టు, సగటు రేటును చీటీల లెక్కతో ఎందుకు భాగిస్తాండావు? 2 టన్నులు 12 రూపాయలకు, 10 టన్నులు 8కి పోతే నీ లెక్కలో కిలో 10 రూపాయలు. అసలు రేటు 104 బై 12, అంటే 8.67.

పుత్తూరు_పిల్లోడు
అయ్యో సామీ. జమలో రెండో గడి కిలోలకు మారుస్తాండా. మొదటిదాంట్లో కిలోలు × పైసలు.