రాజోలు వైపు పెద్దవాళ్ళ డైపర్లు ఎక్కడ దొరుకుతాయండీ?

రాజోలు కుర్రోడు:
మా నాన్నగారికి 78 ఏళ్ళు. సంక్రాంతి వెళ్ళాక పక్షవాతం వచ్చింది, ఇప్పుడు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నారు గానీ ఒంటేలు మాత్రం ఆగట్లేదు. నాది హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంటి దగ్గర అమ్మ, పనిమనిషి చూసుకుంటున్నారు. మొన్న ఊరెళ్ళి మూడు మెడికల్ షాపులు తిరిగాను. పిల్లల డైపర్లు తోరణాల్లా వేలాడుతున్నాయి, పెద్దవాళ్ళవి అడిగితే ఒకాయన పైనెక్కడినుంచో దుమ్ము దులిపి ఎక్స్‌ట్రా లార్జ్ ప్యాకెట్ ఒకటి తీశాడు. మా నాన్నగారు బక్కమనిషి, మీడియం కావాలి. ఇంకో షాపాయన రేపు తెప్పిస్తానన్నాడు, ఆ రేపు నాలుగు రోజులకొచ్చింది. ఆన్‌లైన్‌లో పెడితే ఒకసారి మూడు రోజులు, ఒకసారి వారం. వీధికి పదిళ్ళుంటే ఆరింట్లో ముసలివాళ్ళే, పిల్లలంతా హైదరాబాద్, గల్ఫ్, అమెరికా. ఇంతమంది ఉన్నప్పుడు షాపులో సరుకెందుకు ఉండదు? చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్తే దొరుకుతాయా, అమలాపురమే నయమా?

మందుల కొట్టు:
అమలాపురం దగ్గర నాదీ మెడికల్ షాపే. తిట్టుకున్నా సరే, మా లెక్క చెప్తాను. డైపర్ల ప్యాకెట్ ఒకటి పట్టే చోట బీపీ, షుగరు మాత్రల పెట్టెలు ఎన్నో సర్దుకోవచ్చు, అవి రోజూ పోతాయి. డైపర్లలో సైజులు మూడు, పడుకున్నవాళ్ళకి చుట్టి పక్కన అంటించే టేపు రకం ఒకటి, చెడ్డీలా తొడుక్కునే ప్యాంటు రకం ఒకటి, రెండు కంపెనీలవి పెట్టినా పన్నెండు రకాలైపోతాయి. మా ఏజెన్సీ విడి ప్యాకెట్లు ఇవ్వదు, కార్టన్, అంటే ప్యాకెట్లున్న పెద్ద పెట్టె మొత్తం ఎత్తమంటుంది. నెలకి మీడియం రెండు పోయి, మిగతావి అటక మీద నన్ను చూస్తూ కూర్చుంటే ఏం చేయను?

అసలు సంగతి ఇంకోటుంది. మంచంలో ఉన్న మనిషికి నెలనెలా మందులు నా దగ్గరే కొంటారు, డైపర్లు మాత్రం పిల్లలు ఊరుకాని ఊరు నుంచి ఆన్‌లైన్‌లో పంపిస్తారు. అవి అయిపోయిన రోజు రాత్రి తొమ్మిదికి నా దగ్గరకి పరిగెత్తుకొస్తారు. మిగతా ఇరవైతొమ్మిది రోజులూ ఆ ఇంట్లో డైపర్లు వాడుతున్నట్టు నాకెలా తెలుస్తుంది? అడగడానికి సిగ్గు కూడా. ఒక పెద్దాయన షాపు ఖాళీ అయ్యేదాకా నిలబడి, మెల్లిగా "పెద్ద సైజుది ఉందా బాబూ" అన్నాడు. మనవడికేమో అనుకుని పిల్లల్లో పెద్దది ఇచ్చాను. మారు మాట్లాడకుండా పట్టుకెళ్ళిపోయాడు. తర్వాత అర్థమై నాకే తల కొట్టేసినట్టయింది.

మీరొక పని చేయండి. పాలకొల్లూ వద్దు, అమలాపురమూ వద్దు, ఇంటికి దగ్గర షాపు ఒకటి పట్టుకుని ఈ సైజు, ఈ రకం, నెలకిన్ని అని చెప్పి అడ్వాన్స్ ఇవ్వండి. నా దగ్గర అలా నాలుగిళ్ళవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పుణ్యమా అని ఇప్పుడు కార్టన్ ధైర్యంగా తెప్పిస్తున్నాను. అన్నట్టు, 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది, బిల్లు అడిగి చూసుకోండి.

గోదారి గట్టు:
ముసలివాళ్ళు పెరిగితే సరుకు దానంతటదే వస్తుందనుకుంటాం గానీ అలా రాదు. 2011 జనాభా లెక్కల్లోనే అరవై దాటినవాళ్ళ వాటా మన ఉమ్మడి రాష్ట్రంలో దేశం సగటు కంటే ఎక్కువ. పిల్లల్ని కనడం తగ్గిపోయిందని ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన కూడా 2024లో ఆంధ్రాలో ఎత్తేశారు. జపాన్‌లో ఇది ఎప్పుడో ముదిరింది. అక్కడ ఓజీ అనే కంపెనీ 2024లో దేశంలో పిల్లల డైపర్ల తయారీ ఆపేసి పెద్దవాళ్ళ వాటి మీద పడింది. కానీ అక్కడ నడిచి తిరిగే పెద్దవాళ్ళే సూపర్ మార్కెట్‌కి వెళ్ళి పల్చటి ప్యాంటు రకం కొనుక్కుంటారు. ఇక్కడ డైపరంటే మంచం పట్టినవాళ్ళకే అని మన లెక్క. దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు పడే ఆడవాళ్ళు ఎంతమందో, వాళ్ళు అడగరు, పెళ్ళిళ్ళకి వెళ్ళడమే మానేస్తారు. మా దొడ్డమ్మ బస్సెక్కి ఆరేళ్ళయింది.

పాతకాలం:
మా మామ్మకి పాత చీరలూ రబ్బరు షీటుతోనే గడిచిపోయింది. ఇప్పుడన్నీ ఖర్చులే.

లంక కోడలు:
పాతకాలం గారూ, ఆ చీరలు ఉతికింది ఎవరో కూడా చెప్పండి. మా అత్తగారికి మూడేళ్ళు చేశాను, వానాకాలంలో రోజుకి ఎనిమిది గుడ్డలు, ఎండే దారి లేదు.

తమ్ముడూ, సైజు మనిషిని చూసి కొనద్దు, నడుము టేపుతో కొలిచి ప్యాకెట్ మీది అంకెలతో సరిచూడు, కంపెనీకో కొలత ఉంటుంది. లూజైతే పక్క నుంచి కారిపోతుంది. ఆయన లేచి నడుస్తున్నారు కాబట్టి పగలు ప్యాంటు రకం, రాత్రికి టేపు రకం, కింద అండర్‌ప్యాడ్, అంటే పక్క మీద పరిచే తడి పీల్చే షీటు, వేయండి. గంటలకొద్దీ మార్చకుండా ఉంచితే చర్మం ఎర్రబడి పుండు పడుతుంది, మార్చినప్పుడల్లా కడిగి తడి లేకుండా తుడవాలి. తడుస్తుందని మంచినీళ్ళు తగ్గించకండి. డాక్టరుకి ఒకసారి చూపించండి కూడా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ప్రోస్టేట్, షుగరు, ఏదైనా కారణం కావచ్చు, పక్షవాతం మీదే తోసేయకూడదు.

స్టాకు మాత్రం నెల ముందే పెట్టుకోవాలి. 2022 జులై వరదకి మాకు పడవలే దిక్కు, బియ్యం వచ్చాయి, పాలు వచ్చాయి, డైపర్లు పంపాలని ఎవరికీ తట్టలేదు. వాడినవి కాలవలో పడేయకండి బాబూ, కాలవలు కట్టేసిన వేసవిలో మా వంతెన కింద చూస్తే అన్నం సహించదు. కాగితంలో చుట్టి పంచాయతీ చెత్తబండికి ఇచ్చేయడమే.

రాజోలు కుర్రోడు:
అందరికీ థాంక్సండీ. కొలిస్తే మీడియమే సరిపోయింది. శనివారం డాక్టరు దగ్గరకి తీసుకెళ్తున్నాం. దగ్గర షాపాయనకి నెలకి ఆరు ప్యాకెట్లని చెప్పి అడ్వాన్స్ ఇచ్చాను, సరేనన్నాడు గానీ ఇంకో ఇల్లు తోడుంటే కార్టన్ ఎత్తుతానన్నాడు. సాయంత్రం అమ్మ వాకిట్లో ఫోన్‌లో ఇదే మాట్లాడుతుంటే పక్కింటావిడ గోడ మీంచి "ఏ షాపు వదినా?" అని అడిగిందట. వాళ్ళ మావగారికి రెండేళ్ళుగా వాడుతున్నారట, పూణే నుంచి కొడుకు పంపిస్తాడట. గోడ పక్కనున్న మాకు ఇన్నాళ్ళూ తెలీదు. వాళ్ళకి లార్జ్, రేపు షాపాయనకి ఫోన్ చేస్తాను.