పాత ఇల్లు కొనేముందు ఎవరికి చూపించాలి?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో ఒక పాత డాబా ఇల్లు చూశాం. కట్టి 22 ఏళ్లు అయిందట. ఈసీ (ఇంటి మీద తాకట్టులు, అమ్మకాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) లాయరుగారు చూసి బాగానే ఉన్నాయన్నారు. నా టెన్షనంతా ఇంటి గురించే.

వెనక గదిలో ఒక్క గోడకే కొత్తగా రంగు వేశారు. మిగతా మూడూ వెలిసిపోయి ఉన్నాయి. చెయ్యి పెట్టి చూస్తే ఆ గోడ కింది భాగం చెమ్మగా తగిలింది. వంటగది శ్లాబుకి ఒకచోట పెచ్చులూడి తుప్పు పట్టిన ఊచ కనిపిస్తోంది. 2018లో తిత్లీ తుపానుకే చెక్కుచెదరలేదని ఓనరుగారు అంటున్నారు. గాలికి నిలబడటం వేరు, చెమ్మకి నిలబడటం వేరు కదా! మా మేస్త్రీని తీసుకెళ్తే "ఏటీ అవ్వదు బాబూ, ప్లాస్టరింగ్ చేసేస్తే సరి" అన్నాడు. రేపు ఆ పని దొరికేది అతనికే, అందుకే నమ్మబుద్ధి కావడం లేదు.

స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిస్తే రీబౌండ్ హ్యామర్ పరీక్ష ఒక్కటే సరిపోతుందా? అది కాంక్రీటు పైపొర గట్టిదనమే చెబుతుందని విన్నాను. లోపలి ఊచల తుప్పుకి వేరే పరీక్ష చేయించాలా? ఫీజు ఎంత తీసుకుంటారు? రిపోర్టు బాగోకపోతే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలని అగ్రిమెంటులో రాయించుకోవచ్చా? వచ్చే వారమే డబ్బు అడుగుతున్నారు. ఒక జోరువాన పడేదాకా ఆగుదామని మా ఆవిడ అంటోంది. మన వైపు ఇలా పాత ఇల్లు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.