సిరిమానుకి చవక బ్లాక్ అండ్ వైట్ రీళ్లు, ఆన్‌లైన్‌లో ఏవి కొనొచ్చు?

కోటగుమ్మం35:
దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరం సిరిమాను జాతర. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము రీళ్లు అయిదారు కావాలి. కెమెరా పెంటాక్స్ కె1000, కడగడం ఇంట్లోనే, డి-76 డెవలపర్‌తో. ఆన్‌లైన్‌లో మూడు రకాలు కనబడ్డాయి. పెట్టెతో ఫోమాపాన్ 400 (400 అంటే ఫిల్ము స్పీడు). పెట్టె లేకుండా తెల్ల స్టిక్కరు మీద పెన్నుతో "400 బి/డబ్ల్యూ" అని రాసిన డబ్బాలు, అన్నిటికంటే చవక. 2009లో గడువు తీరిన 400 రీళ్లు, పది కలిపి ఒక లాట్. ఏది మేలు? 30.5 మీటర్ల ఫిల్ము టిన్ను కొని రీళ్లు నేనే చుట్టుకుంటే కలిసొస్తుందా?

నాగావళి_హైపో:
ఫోమాపానే తీసుకోండి.

పెన్నుతో రాసిన డబ్బాలో ఏముందో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. సినిమా కలర్ నెగటివ్ మిగులు ముక్కలు కూడా అలా చుట్టి అమ్ముతుంటారు. అలాంటి ఫిల్ముల్లో చాలావాటి వెనక రెమ్‌జెట్ అనే నల్ల పూత ఉంటుంది. డి-76లో పడితే అది మసిలా ఊడి, ఎమల్షన్‌కి, అంటే బొమ్మ పడే పూతకి, అతుక్కుంటుంది.

ఇప్పటికే కొనేసి ఉంటే రీలంతా పాడుచేసుకోనక్కర్లేదు. బయటికున్న నాలుక చివర 3 సెంటీమీటర్లు కత్తిరించండి. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లలో నిమిషం నానబెట్టి, వీపు వైపు బొటనవేలితో రుద్దండి. వేలికి కాటుకలా అంటితే సినిమా కలర్. అంటకపోతే అదే ముక్కని వెలుతురులోనే ఫిక్సర్‌లో వెయ్యండి. కొన్ని నిమిషాలకి తేటపడి నారింజ రంగు మిగిలితే కలర్ నెగటివ్. రంగు లేకుండానో, లేత బూడిదగానో తేలితే ధైర్యంగా వాడుకోవచ్చు. అయినా దాని అసలు స్పీడు 400 అన్న పూచీ మాత్రం లేదు.

2009 లాట్ సంగతి. పదేళ్లకి ఒక స్టాప్ (అంటే రెట్టింపు) చొప్పున వెలుగు ఎక్కువివ్వాలన్న లెక్క చల్లటి చోట దాచిన ఫిల్ముకే కాస్త నప్పుతుంది. మన వేసవిలో బీరువాలో ఉడికిన రీలుకి ఫాగ్ పట్టేస్తుంది, నెగటివ్ మొత్తం బూడిదగా వస్తుంది. 100 కంటే 400 ఫిల్ముకి ఈ బెడద ఎక్కువ. సిరిమాను ఏడాదికి ఒక్కసారే కదా, ఆ ప్రయోగం ఇంకో రోజు చేసుకోండి. ఇంకోటి, పెట్టె మీద సి-41 అని ఉంటే అది కలర్ రసాయనాల్లో కడిగే బ్లాక్ అండ్ వైట్. కొడాక్ బీడబ్ల్యూ400సీఎన్ అలాంటిదే, 2014లోనే ఆపేశారు. ఇప్పుడు ఎవరు అమ్మినా పాత సరుకే.

ఫోమాపాన్ 400కి కెమెరాలో స్పీడు 200 పెట్టండి. డి-76లో దాని నిజమైన స్పీడు అటూఇటూగా అంతే. 400కి తీస్తే నీడలు ఖాళీ. పైగా సిరిమాను కొసన ఎత్తులో కూర్చునే పూజారి వెనకంతా ఆకాశం, కెమెరాలో వెలుగు కొలిచే మీటరు దాన్ని చూసి మోసపోతుంది. మీ చుట్టూ ఉన్న జనం మీద కొలిచి ఖరారు చేసుకోండి. సాయంత్రం నాలుగింటి ఎండకి 1/500, ఎఫ్/8 దగ్గర మొదలెట్టొచ్చు.

బొబ్బిలి_లోడర్:
టిన్ను గురించి నేను చెప్తాను. 36 ఫ్రేములకి నాలుక, తోక కలిపి సుమారు 1.6 మీటర్లు పోతుంది, కాబట్టి టిన్నుకి 18-19 రీళ్లు వస్తాయి. ఏడాదికి ఆరు రీళ్లు దాటని వాళ్లకి అనవసరం. టిన్నులోంచి డబ్బాల్లోకి ఫిల్ము చుట్టే లోడరు, ఖాళీ డబ్బాలు కూడా కొనాలిగా. కొంటే కెంట్‌మియర్ 400 చూడండి, ఇల్‌ఫోర్డ్ ఫిల్ము తయారుచేసే ఫ్యాక్టరీదే.

కొత్తవాళ్లు చేసే తప్పులు రెండు. లోడరులో ఫిల్ము బయటికొచ్చే సందుకి ఉండే వెల్వెట్‌లో దుమ్ము ఉంటే రీలు పొడవునా రైలు పట్టాల్లా గీతలు పడతాయి. ప్రతి టిన్నుకీ ముందు సెల్లోటేపుతో వెల్వెట్‌ని అద్దండి. రెండోది, డబ్బా లోపలి స్పూలుకి (ఫిల్ము చుట్టే ఇరుసుకి) టేపు అంటించే చివర వెలుతురు తగులుతుంది, అందుకే ఆఖరి ఫ్రేములు నల్లబడతాయి. 34 దగ్గర ఆపేసి చుట్టేయండి.

కోటగుమ్మం35:
థాంక్స్ అన్నా. ఫోమాపాన్ ఆరు రీళ్లు పెట్టేశాను. ఫ్రిజ్‌లో ఉంచొచ్చా? నీళ్లు ఇప్పటికీ 29 డిగ్రీలు ఉంటున్నాయి, కడిగేటప్పుడు ఏం చెయ్యాలి?

నాగావళి_హైపో:
ఫ్రిజ్‌లో పెట్టండి, డబ్బా మూత తియ్యకుండా. వాడే ముందు గంటసేపు మూతతోనే బయట ఉంచాలి, లేదంటే మన ఉక్కకి ఫిల్ము మీద చెమ్మ పడుతుంది.

డి-76ని 1+1 (ఒక పాలు డెవలపర్‌కి ఒక పాలు నీళ్లు) కలిపి, సీసాని ఐసు ముక్కలు వేసిన బేసిన్లో నిలబెట్టి 20కి దించండి. 24 దాకా ఫర్వాలేదు, అప్పుడు డెవలపర్‌లో ఉంచే టైము సుమారు 28 శాతం తగ్గించండి. 11 నిమిషాలు ఉన్నచోట దాదాపు 8. అయిదు నిమిషాల లోపుకి పడిపోతే మరకలు మరకలుగా వస్తుంది. డెవలపర్ ఒక్కటే చల్లార్చి 29 డిగ్రీల నీళ్లతో కడగొద్దు, ఫిక్సరూ కడిగే నీళ్లూ దానికి దగ్గర్లోనే ఉండాలి.

మధ్యాహ్నం ఛేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరబడని సంచిలో) చేతులు పెడితే చెమటకి డెవలపింగ్ ట్యాంకు ప్లాస్టిక్ రీలు మీద ఫిల్ము సగంలో బిగుసుకుపోతుంది. తెల్లారగట్ల ఎక్కించుకోండి, ముందు రోజే ఆ ఖాళీ ప్లాస్టిక్ రీలుని ఎండలో ఆరబెట్టండి. ఆఖరి కడుగుకి బోరు నీళ్లు వద్దు, ఉప్పు చారలు పడతాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ అర లీటరు చాలు.